టైటానియం ఫ్రేమ్ డ్రాయింగ్ వచ్చింది, సరే అనే ముందు ఏం చూడాలి?

ఎదురుగాలి:

అందరికీ నమస్తే. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న పని ఇన్నాళ్లకు కదిలింది. నా కొలతలకు టైటానియం రోడ్ బైక్ కట్టించుకుంటున్నాను. బిల్డర్ డ్రాయింగ్ పంపాడు. నేను సరే అన్నాక ట్యూబులు కోస్తాడు, ఆ తర్వాత ఒక్క మిల్లీమీటరు కూడా మార్చడం కుదరదని ముందే చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్‌గానే ఉంది. ఆ కాగితం రోజూ తీసి చూస్తున్నాను కానీ, ఏ అంకె దగ్గర ఆగి ప్రశ్న వేయాలో అర్థం కావడం లేదు.

నా సంగతి చెప్తాను. బరువు 74 కిలోలు. బీబీ (బాటమ్ బ్రాకెట్, క్రాంకులు తిరిగే చోటు) నుంచి సీటు పైవరకు 740 మి.మీ. రేసుల్లో పాల్గొనను. తెల్లవారుతూనే బయల్దేరి 150, 200 కిలోమీటర్లు తొక్కి రావడం నాకిష్టం. దారిలో ఎక్కాల్సిన ఎత్తులుంటాయి, గతుకులూ ఉంటాయి. టైరు 32 మి.మీ. వెడల్పుది వేయాలనుకుంటున్నాను. క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) పొడవు 172.5 మి.మీ.

డ్రాయింగ్‌లో ఉన్నవి ఇవి (యాంగిళ్లు డిగ్రీల్లో, మిగతావి మి.మీ.లో): స్టాక్ (బీబీ నుంచి హెడ్ ట్యూబ్ పై అంచుకు నిలువు ఎత్తు) 570, రీచ్ (ఆ రెంటి మధ్య అడ్డ దూరం) 385, హెడ్ యాంగిల్ (ఫోర్క్ తిరిగే హెడ్ ట్యూబ్ వాలు) 72.5, సీట్ యాంగిల్ (సీటు కింది ట్యూబు వాలు) 73.5, బీబీ డ్రాప్ (చక్రాల ఇరుసుల కంటే బీబీ ఎంత కిందుందో) 72, చైన్‌స్టే (బీబీ నుంచి వెనక ఇరుసుకు పోయే ట్యూబు) 415, ఫోర్క్ రేక్ (ఫోర్క్ తిరిగే గీతకు ముందు ఇరుసు ఎంత ముందుందో) 45, వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 998. ట్యూబుల వ్యాసాలు: డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి బీబీకి దిగేది) 44 మి.మీ., టాప్ ట్యూబ్ (పై అడ్డ ట్యూబు) 35, సీట్‌పోస్ట్ (సీటును మోసే గొట్టం) 27.2. ఫోర్క్ ఏదన్నది ఇంకా ఖాయం కాలేదు. తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను.

ట్యూబులకు రెండు రకాల టైటానియం మిశ్రమాలు చెప్పాడు. మామూలుగా వాడే 3-2.5, లేదా ఇంకాస్త ఖరీదైన 6-4. రెండోది మేలు రకమని విన్నాను, మనసు అటే లాగుతోంది. బీబీ బిగించడానికి మామూలు బీఎస్ఏ థ్రెడ్డా, దానికంటే వెడల్పాటి టీ47 థ్రెడ్డా అన్నది కూడా నేనే చెప్పాలట. ఇక ఫినిష్. నాకు ఈ బైక్ అందంగా కనపడాలి, దాచుకోవడం ఎందుకు, నలుగురికీ చూపించుకోవాలని ఉంది. రంగు వేయించనా, అనోడైజ్ చేయించనా, ఉత్త లోహంగా వదిలేయనా? ఇప్పటికే కట్టించుకున్నవాళ్లు మీ బైక్ ఎలా కట్టించుకున్నారో చెప్పండి, ఫోటోలుంటే పెట్టండి.

గేర్‌పిచ్చి:

కంగ్రాట్స్ అన్నా! నేనైతే కళ్లు మూసుకుని 6-4 అంటాను. ఒక్కసారే కట్టించుకుంటాం కదా, గట్టిదే తీసుకో. బీబీ టీ47. బ్రేక్ హోస్‌లు (ఆయిల్ గొట్టాలు) హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) లోంచి లోపలికి పోతే బయట ఒక్క తీగ కూడా కనపడదు, ఆ శుభ్రతే వేరు. ఫినిష్‌కి అనోడైజ్. హెడ్ ట్యూబ్ దగ్గర నీలం, అక్కడ్నుంచి ఊదా, అలా వెనక్కి వచ్చేసరికి బంగారు రంగులోకి కరిగిపోతే ఎలా ఉంటుందో ఊహించు. ఆ రంగులు పెయింట్‌లో రావు. అనోడైజింగ్‌లో రంగంటూ ఏదీ పూయరు. కరెంటు పెట్టి లోహం మీద ఆక్సైడ్ పొర పెంచుతారు, వోల్టేజీ పెరిగేకొద్దీ పొర మందం పెరుగుతుంది, ఆ మందాన్ని బట్టి వెలుగు మనకు ఒక్కో రంగులో కనపడుతుంది. అందుకే ఎండలో ఒకలా, నీడలో ఒకలా ఉంటుంది. నా స్టెమ్ బోల్టులు, బాటిల్ బోల్టులు అలాంటివే, వచ్చిన ప్రతివాళ్లూ మొదట వాటి గురించే అడుగుతారు.

వెండిగీత:

ఎదురుగాలి గారూ, కాగితం మీద ఉండగానే అడగడం మంచి పని. నేను కొన్నేళ్లుగా టైటానియం మీదే తిరుగుతున్నాను, ఫోటోలు కింద పెట్టాను. ముందు మీ అంకెల సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే కస్టమ్ అన్న మాటకు అర్థం అక్కడే ఉంది. లోహం ఎవరికైనా దొరుకుతుంది. ఆ డ్రాయింగ్ మాత్రం మీకు ఒక్కరికే.

నా కన్ను మొదట ముందు చక్రం దగ్గర ఆగింది. మీరిచ్చిన కొలతలతో లెక్క కడితే బీబీ మధ్య నుంచి ముందు యాక్సిల్ (ఇరుసు) వరకు దూరం దాదాపు 594 మి.మీ. వస్తోంది. 32 టైరు వేస్తే చక్రం సగం కొలత 343. అంటే బీబీ నుంచి టైరు అంచుకు మిగిలేది 251. మీ క్రాంక్ 172.5, దాని మీద పెడల్ మధ్య నుంచి బూటు కొస వరకు ఇంకో పది సెంటీమీటర్ల దాకా వేసుకోండి. బూటు కొస టైరు అంచును దాటి ముందుకు వచ్చేస్తోంది. నేరుగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. ఇరుకులో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బొటనవేలు టైరుకు తగులుతుంది. రోడ్ బైకుల్లో ఇది మామూలేనని చాలామంది సర్దుకుపోతారు. కానీ కొలిచి కట్టించుకునేవాళ్లం మనమెందుకు సర్దుకోవాలి?

దీనికి మందు సులువు. హెడ్ యాంగిల్‌ని 72కి దించమనండి, ఫోర్క్ రేక్ 50 తీసుకోండి. అప్పుడు ముందు యాక్సిల్ దూరం 604 దాకా పోతుంది. పాదానికి పది మిల్లీమీటర్లు వచ్చినట్టే. స్టీరింగ్ బరువెక్కుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ట్రెయిల్ (ఫోర్క్ తిరిగే గీత నేలను తాకే చోటుకీ టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) ఇప్పుడు 61 ఉంది, మార్చాక 59 అవుతుంది. చేతికి తేడా పెద్దగా తెలియదు. వీల్‌బేస్ 1008 అవుతుంది, రోజంతా తొక్కేవాళ్లకు ఆ నిలకడ మంచిదే. ఇంకో దారి, క్రాంక్‌ని 170కి తగ్గించడం. దానివల్ల వచ్చేది రెండున్నర మిల్లీమీటర్లే కాబట్టి యాంగిల్ మార్చడమే సరైన పని.

అక్కడ్నుంచే రెండో మాట. ఫోర్క్ తర్వాత చూసుకోవచ్చు అన్నారు, దయచేసి అలా చేయకండి. ఫ్రేమ్‌కంటే ముందు ఖాయం కావాల్సింది ఫోర్కే. యాక్సిల్ నుంచి క్రౌన్ (ఫోర్క్ పై భుజం) వరకు ఉండే ఎత్తు మీదే మొత్తం డ్రాయింగ్ నిలబడి ఉంటుంది. డిస్క్ రోడ్ ఫోర్కులు 370 మి.మీ.కి అటూ ఇటూగా ఉంటాయి, అన్నీ ఒకటి కావు. మీరు తెచ్చే ఫోర్క్ డ్రాయింగ్ కంటే 5 మి.మీ. పొడవుంటే ముందు భాగం లేస్తుంది, హెడ్ యాంగిల్, సీట్ యాంగిల్ రెండూ పావు డిగ్రీ పైగా పడిపోతాయి. అన్ని రేకులూ అన్ని మోడళ్లలో దొరకవు కూడా. అందుకే ఫలానా ఫోర్క్, ఫలానా రేక్, ఫలానా ఎత్తు అని డ్రాయింగ్ మీదే రాయించుకోండి. వీలైతే ఫోర్క్ కొని బిల్డర్ చేతిలో పెట్టండి, అతను కొలుచుకునే కడతాడు.

సీట్ యాంగిల్ 73.5 సరిపోతుందా అన్నది ఈ కాగితం చూసి చెప్పలేం. ఇప్పుడు తొక్కుతున్న బైక్ మీద మీకు హాయిగా ఉంటే, సీటు ముక్కు బీబీకి ఎంత వెనక ఉందో గుండు కట్టిన దారం వేలాడదీసి కొలవండి. మీ సీటు ఎత్తుకి ఒక డిగ్రీ అంటే పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు. కొత్త ఫ్రేమ్‌లో అదే చోటు రావాలంటే సీటు పట్టాల మధ్యలో బిగించేలా ఉండాలి. పట్టాల చివరికి నెట్టి బిగించాల్సి వస్తే ఆ యాంగిల్ మీది కాదని లెక్క.

టైరుకు ఎంత ఖాళీ వదిలాడో కూడా అడగండి. వెడల్పాటి రిమ్ మీద 32 టైరు కొలిస్తే 34 వస్తుంది. నేనైతే 35 టైరు తిరిగేటంత జాగా అడుగుతాను. టైటానియం ఫ్రేమ్ మెత్తగా పోతుందని చెప్పుకుంటారు కదా, ఆ హాయిలో పెద్ద వాటా టైరుదీ, అందులోని గాలిదీ. రెండు త్రికోణాలుగా కట్టిన ఫ్రేమ్ కింద నుంచి వచ్చే దెబ్బకు పెద్దగా వంగదు. 27.2 సీట్‌పోస్ట్ ఎంచుకోవడం మంచి పని, బయటికి ఎక్కువ కనపడేలా ఉంటే అది కాస్త వంగి నడుముకు సాయం చేస్తుంది.

ఇక 3-2.5, 6-4 గొడవ. గేర్‌పిచ్చి తమ్ముడి ఉత్సాహం నాకు నచ్చింది కానీ, ఈ ఒక్క మాటతో ఒప్పుకోను. ఆ అంకెలు కలిపిన లోహాల శాతాలు. 3-2.5లో మూడు శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వెనేడియం. 6-4లో ఆరు, నాలుగు. 6-4 బలం ఎక్కువ, నిజం. కానీ బలం వేరు, బిగువు వేరు. వంగకుండా నిలిచే గుణం రెంటిలోనూ దాదాపు ఒకటే, స్టీల్‌లో సగానికి కొంచెం పైన. 6-4 తీసుకున్నంత మాత్రాన ఫ్రేమ్ బిగువెక్కదు. దాని బలాన్ని వాడుకుని గోడ పల్చగా చేస్తే బరువు తగ్గుతుంది. పల్చటి గోడకు సొట్ట పడే భయం ఎక్కువ. పైగా 6-4ని సాగదీసి అతుకు లేని ట్యూబుగా చేయడం కష్టం కాబట్టి, చాలావరకు రేకును చుట్టి అతికించి చేస్తారు. 3-2.5 అలా కాదు, విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం పుట్టిన అతుకు లేని ట్యూబు. మళ్లీ మళ్లీ పడే ఒత్తిడికి పగలకుండా తట్టుకోవడంలో దానికి మంచి పేరుంది. నా ఫ్రేమ్‌లో ట్యూబులన్నీ 3-2.5, డ్రాపౌట్లు (చక్రం యాక్సిల్ కూర్చునే ముక్కలు) మాత్రం 6-4. అరిగే చోట, యాక్సిల్ బిగించే చోట ఆ గట్టిదనం పనికొస్తుంది. మీరూ అదే చేయించుకోండి.

బిగువు కావాలంటే చూడాల్సింది ట్యూబు వ్యాసం. గోడ మందం అలాగే ఉంచి వ్యాసం పెంచితే బిగువు ఆ వ్యాసం ఘనానికి (మూడో ఘాతానికి) తగ్గట్టు పెరుగుతుంది. 38 నుంచి 44కి వెళ్తే బిగువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, బరువు పెరిగేది 16 శాతమే. 1970ల్లో వచ్చిన తొలి టైటానియం ఫ్రేములు స్టీల్ సైజు సన్నటి ట్యూబులతో కట్టినవి, అందుకే ఊగేవి. అయినా 1973 టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన లూయిస్ ఒకానా ఆ ఏడు కొండ దశల్లో టైటానియం సైకిల్ వాడాడు, ఎత్తు ఎక్కేటప్పుడు తేలికే ముఖ్యమని. 80ల చివర్లో మెర్లిన్, లైట్‌స్పీడ్ లాంటి అమెరికా బిల్డర్లు లావు ట్యూబులు వాడడం మొదలెట్టాక ఈ లోహం అసలు సత్తా బయటపడింది. మీ డ్రాయింగ్‌లో 44 ఉంది. 85 కిలోలుండి నిలబడి స్ప్రింట్ చేసేవాళ్లకు అది బాగుంటుంది. 74 కిలోలకు, సీట్లో కూర్చుని రోజంతా తొక్కే మనిషికి 38 చాలనిపిస్తోంది నాకు. నాది 38, నేను మీకంటే రెండు కిలోలు ఎక్కువే ఉంటాను, బీబీ దగ్గర ఊపు ఎప్పుడూ అనిపించలేదు. "నా బరువుకీ నా తొక్కుడుకీ 44 ఎందుకు పెట్టారు?" అని బిల్డర్‌ని అడగండి. మంచి బిల్డరైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

బీబీకి రెండిట్లో ఏదైనా సరే, థ్రెడ్ ఉంటే చాలు. 24 మి.మీ. యాక్సిల్ ఉన్న షిమానో క్రాంక్ వాడేట్టయితే బీఎస్ఏ నిశ్చింత. 30 మి.మీ. క్రాంకో, హోస్‌లు షెల్ (ఫ్రేమ్‌లో బీబీ కూర్చునే గొట్టం) లోంచి పోవాలనో ఉంటే టీ47.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయం, వెల్డింగ్. ఒకటో ఫోటోలో నా డౌన్ ట్యూబ్ హెడ్ ట్యూబ్‌ని కలిసే చోటు పెట్టాను, పెద్దది చేసి చూడండి. వెల్డ్ చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా ఉంది కదా. పైన తిరిగే చోట, కింద ఇరుకు మూలలో, పక్కల్లో, ఎక్కడా పొలుసు వెడల్పు మారదు. ఆ ఇరుకు మూలలో వెల్డింగ్ టార్చ్ తిప్పడానికే చోటుండదు, చెయ్యి ఆగితే అక్కడ గడ్డ కడుతుంది. ఏ గడ్డా లేకుండా చుట్టి వచ్చి, మొదలైన చోట కలిసింది ఎక్కడో కనపడకుండా ఆపాడు చూడండి, దాని కోసమే నేను ఫ్రేమ్ మీద రంగు వేయించలేదు.

రంగు కూడా గమనించండి. వేడెక్కిన టైటానియం గాలిని పీల్చుకుంటుంది. ఆక్సిజన్, నైట్రోజన్ లోపలికి పోతే అతుకు పెళుసెక్కుతుంది. అందుకే టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు బయట ఆర్గాన్ ఊదుతూ, ట్యూబుల లోపల కూడా ఆర్గాన్ నింపుతారు. అంతకుముందు ప్రతి అంచునీ అసిటోన్‌తో తుడుస్తారు, ఒట్టి చేత్తో ముట్టరు. రక్షణ బాగుంటే వెల్డ్ వెండిలా మెరుస్తుంది, లేత గడ్డి రంగు వచ్చినా పరవాలేదు. ముదురు నీలం కనపడితే అడగాలి, బూడిద రంగు వస్తే ఆ అతుకు పనికిరాదు. బయటి రంగును బ్రష్‌తో రుద్ది పోగొట్టొచ్చు. అందుకని ఫ్రేమ్ చేతికి రాగానే బీబీ షెల్ లోపలికి టార్చ్‌లైట్ వేసి, ట్యూబులు కలిసే చోట అతుకు వెనక వైపు చూడండి. అక్కడ రుద్దడం అంత తేలిక కాదు. అక్కడా వెండి రంగుంటే పని శ్రద్ధగా చేసినట్టే. బిల్డర్‌ని ముందే పాత ఫ్రేముల దగ్గరి ఫోటోలు అడగండి, బైక్ మొత్తం ఫోటో కాదు, ఇలాంటి మూలలవి.

ఫినిష్‌కి నా ఓటు బ్రష్ చేసిన ఉత్త టైటానియానికే. తుప్పు పట్టదు కాబట్టి పూత అవసరమే లేదు. కాలక్రమంలో గీతలు పడితే స్కాచ్‌బ్రైట్ ముక్కతో బ్రష్ చేసిన వాలునే రుద్దితే మళ్లీ మొదటిలా అవుతుంది, నేను ఏటా చేసే పనే. ఇసుకలా సన్న పూసలు కొట్టి చేసే మ్యాట్ ఫినిష్ మొదటిరోజు అద్భుతంగా ఉంటుంది, కానీ చేతి జిడ్డు మచ్చలు ఎత్తి చూపిస్తుంది. అనోడైజ్ రంగులు తమ్ముడు చెప్పినంత అందంగానూ ఉంటాయి, కాకపోతే ఆ పొర చాలా పల్చన. మోకాలు రాసుకునే టాప్ ట్యూబ్ మీదా, కేబుల్ తగిలే హెడ్ ట్యూబ్ మీదా చెరిగితే అక్కడ మాత్రం సరిచేయడం కుదరదు, మొత్తం తీసి మళ్లీ చేయాలి. ఇష్టమైతే డౌన్ ట్యూబ్ మీద పేరు వరకు, రాపిడి లేని చోట చేయించుకోండి. మూడో ఫోటోలో నాది అదే, బ్రష్ చేసిన బూడిద మీద ముదురు నీలం అక్షరాలు.

నా ఫ్రేమ్ బరువు 1,480 గ్రాములు, పెడళ్లతో కలిపి బైక్ 8.2 కిలోలు. ఇంతకన్నా తేలిక కార్బన్ బైకులు బోలెడు. నేను వెతుక్కున్నది అది కాదు.

పానా_పట్టిన_చెయ్యి:

వెండిగీత గారు డ్రాయింగ్ సంగతి చెప్పేశారు, నేను బిగింపు సంగతి చెప్తాను. రోజూ బైకులు విప్పి బిగించే పని నాది. టైటానియం ఫ్రేములతో వచ్చే ఫిర్యాదుల్లో ముప్పాతిక భాగం కిర్రుకిర్రు చప్పుడే, ఆ చప్పుడు ఫ్రేమ్‌ది కాదు, బిగించిన తీరుది.

ఫ్రేమ్ ఇచ్చే ముందు బీబీ థ్రెడ్లు శుభ్రం చేసి, షెల్ ముఖాలు చదును చేసి ఇవ్వమని బిల్డర్‌తో రాయించుకోండి. డిస్క్ బ్రేక్ కూర్చునే చోటు కూడా అంతే. అక్కడ అర మిల్లీమీటరు వాలు ఉన్నా బ్రేక్ ప్యాడ్ ఒక పక్క రాస్తూనే ఉంటుంది, మీరెంత సర్దినా పోదు. టైటానియం కట్టర్‌ని పట్టుకుని జిగురులా లాగుతుంది, నిదానంగా, నూనె బాగా పోస్తూ చేయాల్సిన పని. అన్ని దుకాణాల్లోనూ అలవాటుండదు, కాబట్టి బిల్డర్ దగ్గరే అవ్వాలి.

బిగించేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. టైటానియాన్ని తాకే ప్రతి లోహానికీ యాంటీసీజ్ (పట్టేయకుండా ఆపే పేస్ట్) పూయాలి. అల్యూమినియం బీబీ కప్పు టైటానియం షెల్‌లో ఊరికే పెట్టి, చెమటా వాన నీళ్లూ చేరితే, తినేసుకుపోయేది అల్యూమినియమే. కొన్నేళ్లకు కప్పు రాదు. టైటానియం బోల్టు టైటానియం థ్రెడ్‌లో వేస్తే ఇంకా జాగ్రత్త, రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. షిమానో బీఎస్ఏ కప్పులైతే 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు, కుడి వైపు కప్పుది ఎడమ థ్రెడ్ అని మరవకండి.

కార్బన్ సీట్‌పోస్ట్ అయితే గ్రీజు వద్దు, కార్బన్ పేస్ట్ పూయాలి. ఆరేడు నెలలకోసారి పోస్ట్ బయటికి తీసి, తుడిచి, లోపల కూడా తుడిచి మళ్లీ పెట్టండి. అలా వదిలేసిన పోస్ట్ పట్టేసిందంటే తీయడం నరకం.

బాటిల్ బోల్టుల దగ్గర వెల్డ్ చేసిన బాస్‌లు (బోల్టు దిగే థ్రెడ్ గూళ్లు) అడగండి. రివెట్ లాగా నొక్కేసే అల్యూమినియం నట్లు కొన్నాళ్లకు వదులై తిరుగుతుంటాయి. బీబీ షెల్ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉండాలి. వెనక డ్రాపౌట్ యూడీహెచ్ హ్యాంగర్ (గేరు మార్చే డెరైలర్‌ను పట్టుకునే, చాలా ఫ్రేములకు ఒకేలా ఉండే ముక్క) పట్టేలా ఉంటే హ్యాంగర్ వంగినరోజు ఎక్కడైనా దొరుకుతుంది.

హెడ్‌సెట్ లోంచి హోస్‌లు పోవాలన్న గేర్‌పిచ్చి మాట మీద: చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ పై బేరింగ్ మార్చాలంటే హోస్ కోసి, ఆయిల్ తీసి, మళ్లీ నింపి గాలి బుడగలు పోయేలా బ్లీడ్ చేయాలి. రోజంతా వానలో తొక్కే మనిషికి బేరింగ్ మార్చడం తప్పని పని. డౌన్ ట్యూబ్ పక్క నుంచి లోపలికి పోనివ్వండి, లోపల ఫోమ్ గొట్టం తొడిగితే టకటకమనదు. గేర్లు వైర్‌లెస్ అయితే రంధ్రాల గొడవ ఇంకా తగ్గుతుంది. స్రామ్ కంపెనీ వైర్‌లెస్ గేర్లు ఏఎక్స్ఎస్‌కి ఫ్రేమ్‌లో వైరే అక్కర్లేదు. షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు డీఐ2 12 స్పీడ్ రోడ్ రకాల్లో డెరైలర్ల నుంచి సీట్‌పోస్ట్‌లోని బ్యాటరీకి వైర్లు పోతాయి. ఏది వాడతారో ఇప్పుడే బిల్డర్‌కి చెప్పండి, కట్టాక రంధ్రం పొడవడం మంచిది కాదు.

గేర్‌పిచ్చి:

వెండిగీత అన్నా, మొదటి ఫోటో మూడుసార్లు పెద్దది చేసి చూశాను. 6-4 మాట వెనక్కి తీసుకోను కానీ, రంగు విషయంలో మాత్రం మనసు ఊగింది. ఒక్కటి అడగాలి. నేను నా బైక్ ఫోటో తీస్తే బూడిద రంగు ముద్దలా వస్తుంది, మీ ఫోటోలో బ్రష్ గీతలు విడివిడిగా కనపడుతున్నాయి. ఎలా తీశారు?

వెండిగీత:

కెమెరా మామూలు ఫోనే తమ్ముడూ. వెలుతురు ఎటు నుంచి పడుతోందన్నదే ముఖ్యం. నెత్తి మీద ఎండ ఉన్నప్పుడు తీయకు, ట్యూబు పై అంచు తెల్లగా కాలిపోయి మిగతాది నల్లబడుతుంది. ఫ్లాష్ అసలు వద్దు. వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడు ప్రతి గీతకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ వచ్చి విడిపోతాయి. వెనక ఒకే రంగు గోడ ఉంటే మేలు. టైటానియం చుట్టూ ఉన్నదాని రంగు పట్టేస్తుంది, ఎర్ర గోడ పక్కన పెడితే ఫ్రేమ్ ఎర్రబడుతుంది.

బైక్‌ని చైన్ ఉన్న వైపు నుంచే తీయాలి. చైన్ ముందు పెద్ద చక్రం మీద, వెనక చిన్న పళ్ల మీద ఉంటే గీసినట్టు కనపడుతుంది. క్రాంక్ చైన్‌స్టే గీతలో కలిసేలా వెనక్కి తిప్పు, అప్పుడు ట్యూబులను అడ్డుకోదు. రెండు టైర్ల మీది పేర్లు వాల్వ్ దగ్గర ఉండేలా టైరు ఎక్కించేటప్పుడే చూసుకుని, వాల్వులు రెండూ కిందికి తిప్పు. కెమెరా బీబీ ఎత్తుకు దించి, కాస్త వెనక్కి వెళ్లి జూమ్ చేసి తీయి. దగ్గర నుంచి తీస్తే చక్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. బ్యాగులు, బాటిళ్లు, లైట్లు అన్నీ తీసేసి ఒకటి తీయి, తర్వాత మూలల్లోకి వెళ్లు. సీట్ ట్యూబ్ దగ్గర స్టేలు కలిసే చోటు, డ్రాపౌట్, హెడ్ బ్యాడ్జ్. తెలిసినవాళ్లు చూసేది ఆ మూలల్నే.

ఎదురుగాలి:

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థాంక్స్. బిల్డర్‌తో మాట్లాడాను. 44 ఎందుకు అని అడగ్గానే, "మీరు ఫారంలో స్ప్రింట్ బిగువు ముఖ్యం అని టిక్ పెట్టారు కదా" అన్నాడు. ఆ ఫారం నింపినప్పుడు బిగువంటే మంచిదే కదా అనుకుని టిక్ పెట్టానన్న మాట నిజమే. నా తొక్కుడు వివరంగా చెప్పాక 38కి ఒప్పుకున్నాడు, టాప్ ట్యూబ్ కూడా 31.8కి తగ్గిద్దామన్నాడు. ట్యూబులు 3-2.5, డ్రాపౌట్లు 6-4. బీబీ బీఎస్ఏ. హోస్‌లు డౌన్ ట్యూబ్ లోంచి. ఫినిష్ బ్రష్, పేరు మాత్రం అనోడైజ్, రంగు గేర్‌పిచ్చి చెప్పిన ఊదానే.

హెడ్ యాంగిల్ 72, రేక్ 50 అన్న మాట అతనికి వెంటనే నచ్చింది. ఫోర్క్ నేనే కొని పంపుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. నేను చూసిన ఫోర్క్ ఎత్తు 374 అని ఉంది, డ్రాయింగ్ 370కి గీశాడు. డ్రాయింగ్ మార్చమనాలా, 370 ఫోర్క్ వెతకాలా?

వెండిగీత:

ఫోర్క్ నచ్చితే అదే కొనండి, డ్రాయింగ్ మార్చడం అతనికి కొద్దిసేపటి పని. హెడ్ ట్యూబ్ 4 మి.మీ. పొట్టి చేస్తే స్టాక్, రీచ్, యాంగిళ్లు అన్నీ అనుకున్న చోటే ఉంటాయి. కొత్త కాగితం వచ్చాక మూడు అంకెలు సరిచూడండి: స్టాక్ 570, రీచ్ 385, ముందు యాక్సిల్ దూరం 604 దగ్గర. మూడూ కలిస్తే సరే అని చెప్పేయండి. ఫ్రేమ్ రాగానే బీబీ షెల్ లోపలి ఫోటో ముందు పెట్టండి, బైక్ ఫోటో తర్వాత.